గంజాయి కాదంటారు.. గంజాయి కంటే డేంజర్! ల్యాబ్ మత్తును మన చట్టం పట్టుకోగలదా? చీమకుర్తి లాంటి ఊళ్లు ఎందుకు అలర్ట్‌గా ఉండాలి?

* ఎండిన ఆకు మీద కెమికల్ స్ప్రే.. పైకి చూస్తే మామూలు పొడి
* మూత్ర పరీక్షలో దొరకదు, గంజాయి లెక్కలోకి రాదు
* ఒక పేరు నిషేధిస్తే ఇంకో పేరుతో మార్కెట్లోకి
* మన ఎన్‌డీపీఎస్ చట్టం పేర్ల లిస్టు మీదే నడుస్తోంది.. అసలు చిక్కు అక్కడే

చీమకుర్తి అనగానే గుర్తొచ్చేది గ్రానైట్. నల్లటి రాయిలో నక్షత్రాల్లా మెరిసే బ్లాక్ గెలాక్సీ ఇక్కడి నుంచే ప్రపంచమంతా వెళ్తుంది. రామతీర్థం చుట్టూ క్వారీలు, రోడ్డు పొడవునా కటింగ్, పాలిషింగ్ ఫ్యాక్టరీలు, రాత్రీ పగలూ తిరిగే లారీలు. ఒడిశా, బిహార్, రాజస్థాన్ నుంచి వచ్చిన కూలీలు షిఫ్టుల లెక్కన పనిచేస్తుంటారు. ఇల్లు వదిలి వచ్చిన యువకులు, ఒంటి నొప్పులు, చేతిలో వారం కూలి. ఇలాంటి చోట మత్తు సరుకుకు గిరాకీ వెతుక్కోవాల్సిన పనిలేదు. ఏ రాష్ట్రంలో చూసినా డ్రగ్స్ వ్యాపారి ముందుగా కన్నేసేది ఇలాంటి ఊళ్ల మీదే.

ఇప్పటిదాకా మన దగ్గర పోరాటమంతా గంజాయి మీదే. విశాఖ ఏజెన్సీలో 2021 చివర్లో 'ఆపరేషన్ పరివర్తన' మొదలైంది. వేల ఎకరాల తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల గంజాయిని కాల్చేశారు. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం 'ఈగల్' పేరుతో ప్రత్యేక దళాన్నే పెట్టింది. కుక్కలు వాసన పడతాయి, డ్రోన్లు తోటలు చూస్తాయి, చెక్‌పోస్టులో బస్తా విప్పితే ఘాటు గుప్పుమంటుంది.

మరి తోటే లేని గంజాయి వస్తే? వాసనే లేని సరుకు వస్తే? ప్రపంచంలో చాలా దేశాలు పదిహేనేళ్లుగా తలపట్టుకుంటున్న సింథటిక్ కన్నాబినాయిడ్స్ కథ ఇదే. చీమకుర్తిలో ఇది దొరికిందని చెప్పడం లేదు. వస్తే పట్టుకునే ఏర్పాటు మన చట్టంలో, మన ల్యాబుల్లో, మన ఆస్పత్రుల్లో ఉందా అన్నదే ప్రశ్న.

అసలు ఏంటిది?

గంజాయిలో మత్తు ఇచ్చే పదార్థం టీహెచ్‌సీ. అది మెదడులోని కొన్ని గ్రాహకాలను తాకుతుంది. ఆ గ్రాహకాలు ఎలా పనిచేస్తాయో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు ల్యాబుల్లో కొన్ని కెమికల్స్ తయారు చేశారు. అమెరికాలోని క్లెమ్సన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జాన్ డబ్ల్యూ హఫ్‌మన్ టీమ్ ఇలాంటివి వందల్లో తయారు చేసింది. అందులో ఒకటి జేడబ్ల్యూహెచ్-018. ఆయన పేరులోని పొడి అక్షరాలే దాని పేరు. ఇవన్నీ పరిశోధన కోసం చేసినవి, వివరాలు సైన్స్ పత్రికల్లో అచ్చయ్యాయి.

ఆ కాగితాలు చదివింది శాస్త్రవేత్తలు మాత్రమే కాదు. 2000 దశకం మధ్యలో యూరప్ షాపుల్లో 'స్పైస్' పేరుతో రంగురంగుల ప్యాకెట్లు కనిపించాయి. సాంబ్రాణిలా పొగ వేసుకునే మూలికలు అని రాసి, కింద 'మనుషులు వాడరాదు' అని చిన్న అక్షరాల్లో వేసేవాళ్లు. కొన్నవాళ్లు కాల్చి పీల్చారు. గంజాయి లాంటి మత్తు ఎక్కింది. కానీ పరీక్ష చేస్తే గంజాయి లేదు. 2008 డిసెంబరులో జర్మనీ, ఆస్ట్రియా ల్యాబులు గుట్టు విప్పాయి. ఆ ఆకులు ఉత్తి ఆకులే, వాటి మీద జేడబ్ల్యూహెచ్-018 చల్లారు! 2009 జనవరిలో జర్మనీ నిషేధం పెట్టింది. కొద్ది రోజులకే కొత్త ప్యాకెట్లు వచ్చేశాయి. లోపల ఉన్నది జేడబ్ల్యూహెచ్-073. ఒక అణువులో చిన్న ముక్క తీసేశారు, చట్టం చేతికి అందకుండా పోయింది.

అప్పటి నుంచి నడుస్తున్నది ఇదే ఆట. యూరప్ డ్రగ్స్ ఏజెన్సీ లెక్కలో ఇప్పటికే 250కి పైగా సింథటిక్ కన్నాబినాయిడ్స్ ఉన్నాయి.

మన రైతుకు ఈ ట్రిక్ కొత్తేం కాదు

గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప, పత్తి రైతుకు ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో విడమరిచి చెప్పక్కర్లేదు. పురుగుమందు అమ్మాలంటే 1968 నాటి ఇన్‌సెక్టిసైడ్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి. అందుకే ఏళ్ల తరబడి 'బయో' పేరుతో, మొక్కల ఎదుగుదల మందు పేరుతో డబ్బాలు అమ్మారు. డబ్బా మీద వేప, సముద్రపు నాచు. లోపల మాత్రం చెప్పని కెమికల్ కలిపిన సందర్భాలు బయటపడ్డాయి. అధికారులు వస్తే 'ఇది పురుగుమందు కాదు సార్' అనే సమాధానం రెడీ. చివరికి 2021లో కేంద్రం బయోస్టిమ్యులెంట్లను ఎరువుల నియంత్రణ ఉత్తర్వుల కిందికి తెచ్చాక గానీ వాటికంటూ ఒక చట్టం రాలేదు. డిజైనర్ డ్రగ్స్ ట్రిక్ అచ్చం ఇదే. లేబుల్ ఒకటి, సరుకు ఒకటి, చట్టంలో పేరు ఉండదు.

ఇంకో విషయం కూడా మన రైతుకే బాగా అర్థమవుతుంది. తోటలో మందు కొడితే అన్ని ఆకుల మీదా సమానంగా పడదు. ఒక చోట తడిసి ముద్దవుతుంది, ఒక చోట చుక్క కూడా పడదు. ఎండిన ఆకు మీద డ్రగ్ స్ప్రే చేసినా అంతే. ఒకే ప్యాకెట్‌లో ఒకడు తీసుకున్న చిటికెడులో దాదాపు ఏమీ ఉండదు, పక్కవాడి చిటికెడులో ప్రాణం తీసేంత ఉంటుంది. 'నిన్న తీసుకున్నా, ఏం కాలేదు' అన్న ధైర్యం ఈ సరుకు దగ్గర పనికిరాదు.

గంజాయి కంటే ఎందుకు డేంజర్?

టీహెచ్‌సీ మెదడులోని గ్రాహకాన్ని కొంతవరకే ప్రేరేపిస్తుంది. ఈ ల్యాబ్ కెమికల్స్‌లో చాలావరకు పూర్తి స్థాయిలో ప్రేరేపిస్తాయి. లైట్ డిమ్‌లో వెలగడానికి, ఫుల్ వోల్టేజీలో మాడిపోవడానికి ఉన్న తేడా. గుండె దడ, వాంతులు, ఫిట్స్, లేనివి కనిపించడం, కిడ్నీలు దెబ్బతినడం.. ఇవన్నీ వైద్య పత్రికల్లో రికార్డయిన లక్షణాలే.

2016 జులైలో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒకేచోట 33 మంది రోడ్డు మీద బొమ్మల్లా నిలబడిపోయారు, కూలబడిపోయారు. మీడియా 'జాంబీ' ఘటన అని పేరు పెట్టింది. వాళ్లు పీల్చింది ఏఎంబీ-ఫుబినాకా. టీహెచ్‌సీ కంటే దీని శక్తి 85 రెట్లని పరిశోధకులు తేల్చారు. అదే కెమికల్ ఆ మరుసటి ఏడాది న్యూజిలాండ్‌లో పదుల మందిని బలి తీసుకుంది. 2018లో అమెరికాలోని ఇల్లినాయిస్‌లో ఈ సరుకులో ఎలుకల మందు కలిసింది. 150 మందికి పైగా రక్తస్రావంతో ఆస్పత్రుల్లో చేరారు, కొందరు చనిపోయారు.

దీనికి విరుగుడు మందు లేదు. ఓపియాయిడ్ ఓవర్‌డోస్‌కు ఇచ్చే నలాక్సోన్ దీనిమీద పనిచేయదు. డాక్టర్లు చేయగలిగింది లక్షణాలను బట్టి ట్రీట్‌మెంట్ ఇవ్వడమే. పైగా మామూలు మూత్ర పరీక్ష కిట్ టీహెచ్‌సీ కోసం చూస్తుంది, దీన్ని గుర్తించదు. అంటే ఫిట్స్‌తో వచ్చిన కుర్రాడికి టెస్ట్ చేస్తే రిపోర్టులో 'నెగెటివ్' అని వస్తుంది. ఇంట్లోవాళ్లు 'మావాడికి ఏ అలవాటూ లేదు' అని ఊపిరి పీల్చుకుంటారు. డాక్టర్ మూర్ఛ వ్యాధి అనుకునే ప్రమాదం ఉంది.

మన చట్టం ఏం చెబుతోంది?

డ్రగ్స్ కేసులన్నీ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద నడుస్తాయి. ఇందులో గంజాయికి నిర్వచనం స్పష్టంగా ఉంది. గంజాయి మొక్క పూత, కాయ భాగాలు. ఒక కిలో వరకు చిన్న మొత్తం, 20 కిలోలు దాటితే వాణిజ్య మొత్తం. ల్యాబ్‌లో పుట్టిన కెమికల్ మొక్క నుంచి రాదు కాబట్టి ఈ నిర్వచనంలోకి రానే రాదు.

అలాంటి వాటికి వేరే దారి ఉంది. చట్టం చివర 'సైకోట్రోపిక్ పదార్థాల' షెడ్యూల్ ఉంటుంది. అందులో పేరు ఉంటే 22వ సెక్షన్ కింద శిక్ష. చిన్న మొత్తమైతే ఏడాది వరకు, వాణిజ్య మొత్తమైతే 10 నుంచి 20 ఏళ్లు జైలు. పేరు లేకపోతే? ఆ చట్టం కింద కేసే నిలబడదు.

షెడ్యూల్‌లో ఉన్న పదార్థం, దాని లవణాలు, దానితో చేసిన మిశ్రమాలు.. ఇంతవరకే చట్టం వర్తిస్తుంది. 'అలాంటి నిర్మాణం ఉన్న ఇతర కెమికల్స్' అనే మాట నిర్వచనంలో లేదు. కొత్త పేరు చేర్చే అధికారం 3వ సెక్షన్ కింద కేంద్రానికి ఉంది. 2015 మార్చిలో ఐక్యరాజ్యసమితి డ్రగ్స్ కమిషన్ జేడబ్ల్యూహెచ్-018, ఏఎం-2201లను అంతర్జాతీయ నియంత్రణలోకి తెచ్చింది. ఆ తర్వాత మరికొన్ని చేరాయి. ఐరాస జాబితాను బట్టి మన దేశమూ నోటిఫికేషన్లు ఇస్తూ వస్తోంది. కానీ ఈ దారిలో ప్రతిసారీ టైమ్ పడుతుంది.

దీనికి మన దేశంలోనే పాత ఉదాహరణ ఉంది. మెఫెడ్రోన్ అంటే 'మ్యావ్ మ్యావ్'. ముంబై కాలేజీ కుర్రాళ్లలో ఇది పాకిపోయాక 2015 ఫిబ్రవరిలో గానీ షెడ్యూల్‌లోకి ఎక్కలేదు. అంతకుముందు పట్టుబడ్డ సరుకు మీద ఎన్‌డీపీఎస్ పెట్టలేక పోలీసులు చేతులు నలుపుకున్నారు. తర్వాత పేరు చేర్చినా పాత నేరానికి వర్తించదు. చేసిన రోజున నేరం కానిదానికి శిక్ష వేయకూడదని రాజ్యాంగం 20వ అధికరణే చెబుతోంది. అది పౌరుడికి రక్షణ. కానీ డ్రగ్స్ వ్యాపారి ఆ మధ్యకాలంలోనే డబ్బు చేసుకుంటాడు.

ఒక విషయంలో మాత్రం చట్టం గట్టిగానే ఉంది. 2020 ఏప్రిల్‌లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది. సరుకులో అసలు డ్రగ్ ఎంతుందని కాదు, కలిపిన పదార్థంతో సహా మొత్తం బరువు లెక్కించాలని. అంటే షెడ్యూల్‌లో ఉన్న కెమికల్ చల్లిన ఆకు దొరికితే ఆకు బరువంతా లెక్కలోకి వస్తుంది. అమ్మేవాడికి ఇది ఉరి. అదే సమయంలో ఏం కొన్నాడో తెలియని కూలీ జేబులో ప్యాకెట్ దొరికితే వాడికీ ఇదే లెక్క.

చాక్లెట్ కేసు నేర్పిన పాఠం

2024 జనవరిలో రంగారెడ్డి జిల్లా కొత్తూరులో స్కూల్ పిల్లలు వింతగా ప్రవర్తించడం టీచర్లు గమనించారు. ఆరా తీస్తే దగ్గర్లోని షాపులో కొన్న చాక్లెట్లు. పోలీసులు తనిఖీ చేస్తే అవి గంజాయి కలిపిన చాక్లెట్లు. ఇలాంటివి వలస కూలీలు ఎక్కువగా ఉండే పారిశ్రామిక ప్రాంతాల్లో ముందు కాలు పెడతాయి. కొన్నిటి మీద ఆయుర్వేద మందు అని లేబుల్ కూడా ఉంటుంది.

ఇక్కడా చట్టంలో ఒక సందు ఉంది. పూత లేని గంజాయి ఆకు, గింజలు ఎన్‌డీపీఎస్ నిర్వచనంలోకి రావు. భాంగ్ చాలా రాష్ట్రాల్లో ఎక్సైజ్ చట్టం కిందే ఉంటుంది. 2022లో కర్ణాటక హైకోర్టు భాంగ్ పట్టుబడిన ఒక కేసులో ఇదే కారణంతో బెయిల్ ఇచ్చింది. అంటే చాక్లెట్ లోపల ఉన్నది పూతా, ఆకా, ల్యాబ్ కెమికలా అన్నదాన్ని బట్టి మూడు వేర్వేరు కేసులు. పిల్లాడికి ఎక్కిన మత్తు మాత్రం ఒక్కటే.

ఇంగ్లండ్‌లో ఇంకో అడుగు ముందుకేశారు. 2024లో బాత్ యూనివర్సిటీ పరిశోధకులు 38 స్కూళ్లలో విద్యార్థుల నుంచి లాక్కున్న 596 వేప్ పరికరాలను పరీక్షించారు. ప్రతి ఆరింటిలో ఒకదానిలో స్పైస్ ఉంది. పిల్లల్లో చాలామంది అది గంజాయి నూనె అనుకున్నారు. మన దేశంలో ఈ-సిగరెట్లపై 2019 నుంచే నిషేధం ఉంది. అయినా దొంగచాటుగా అమ్మకాలు ఆగలేదన్నది అందరికీ తెలిసిందే.

పట్టుకున్నా నిరూపించేదెలా?

కేసు పెట్టాలంటే పట్టుబడినది ఏంటో తెలియాలి. చెక్‌పోస్టులో వాడే ఫీల్డ్ కిట్‌లో రంగు మారితే డ్రగ్ అనుకుంటారు. ఆ కిట్ పరిమితి ఏంటో విశాఖ పోర్టు కేసు చూపించింది. 2024 మార్చిలో బ్రెజిల్ నుంచి వచ్చిన 25 టన్నుల ఈస్ట్ కంటైనర్‌లో డ్రగ్స్ ఉన్నాయని ప్రాథమిక పరీక్షలు చెప్పాయి. దేశమంతా హెడ్‌లైన్స్! ఎన్నికల వేళ పార్టీలు ఒకరినొకరు తిట్టుకున్నాయి. చివరికి ల్యాబ్ పరీక్షల్లో డ్రగ్స్ లేవని తేలినట్టు సీబీఐ చెప్పింది.

లేనిది ఉన్నట్టు చూపించే కిట్, ఉన్నది లేనట్టు కూడా చూపించగలదు. సింథటిక్ కన్నాబినాయిడ్స్‌ను తేల్చాలంటే అధునాతన యంత్రాలు కావాలి, పోల్చి చూడటానికి అసలు కెమికల్ నమూనా కావాలి. కొత్త కెమికల్‌కు నమూనా దొరకడమే కష్టం. ల్యాబ్ రిపోర్టు ఆలస్యమైతే రెండు వైపులా నష్టమే. నిజంగా అమ్మినవాడు బెయిల్ మీద బయటికి వస్తాడు. ఏ తప్పూ చేయనివాడు నెలల తరబడి లోపలే ఉండిపోతాడు. వాణిజ్య మొత్తం కేసుల్లో 37వ సెక్షన్ ప్రకారం బెయిల్ దాదాపు దొరకదు, ఛార్జిషీటుకు 180 రోజుల గడువుంది.

వేరే దేశాలు ఏం చేశాయి?

మూడు దారులు కనిపిస్తాయి.

మొదటిది, వెంటనే తాత్కాలిక నిషేధం. 2011 మార్చిలో అమెరికా ఎమర్జెన్సీ అధికారంతో ఐదు సింథటిక్ కన్నాబినాయిడ్స్‌ను నిషేధించింది. బ్రిటన్ కూడా ఏడాది పాటు అమల్లో ఉండే తాత్కాలిక ఉత్తర్వుల పద్ధతి తెచ్చుకుంది. ముందు ఆపి, తర్వాత పూర్తిగా పరిశీలిస్తారు.

రెండోది, పేరు కాకుండా కుటుంబాన్నే నిషేధించడం. 2013లో జపాన్, 2016లో జర్మనీ ఇలా చేశాయి. ఈ కెమికల్స్ ఎక్కువగా తయారయ్యే చైనా 2021 జులై 1 నుంచి మొత్తం తరగతినే నియంత్రణలోకి తెచ్చింది. బాగానే ఉంది కదా అనుకునేలోపే, ఆ నిర్వచనంలో ఇమడని కొత్త నిర్మాణాలు మార్కెట్లోకి వచ్చాయి.

మూడోది, మెదడు మీద పనిచేసే ఏ కొత్త పదార్థమైనా అమ్మకూడదని టోకున చెప్పడం. 2010లో ఐర్లాండ్, 2016లో బ్రిటన్ ఈ దారి పట్టాయి. రోడ్డు పక్క షాపులు మూతపడ్డాయి. కానీ సరుకు జైళ్లలోకి, ఇల్లు లేని పేదల్లోకి మళ్లింది. కాగితం మీద స్ప్రే చేసి ఖైదీలకు ఉత్తరాలుగా పంపేదాకా వెళ్లింది.

దగ్గరి దారి వెతికినవాళ్లకు కోర్టు బ్రేక్ కూడా వేసింది. లిస్టులో పేరు లేని రోజుల్లో జర్మనీ ఈ సరుకుపై మందుల చట్టం కింద కేసులు పెట్టింది. రోగం తగ్గించనిదాన్ని మందు అనడానికి వీల్లేదని 2014 జులైలో యూరోపియన్ న్యాయస్థానం తేల్చేసింది.

మరి మనకు ఏది సరిపోతుంది?

కుటుంబాన్నే నిషేధిస్తే సరిపోతుందని చెప్పడం తేలిక. కానీ తెలుగు రాష్ట్రాల్లో ఫార్మా పరిశ్రమ పెద్దది. నిర్వచనం వదులుగా రాస్తే నిజమైన మందుల పరిశోధన కూడా పదేళ్ల జైలు భయంతో ఆగిపోతుంది. బెయిల్ కష్టమైన చట్టంలో 'అలాంటిదే' అనే అస్పష్టమైన మాట పెడితే దాని దెబ్బ ముందు తగిలేది లాయర్‌ను పెట్టుకోలేని కూలీకే. అందుకే తాత్కాలిక నిషేధం మనకు సరిపోయే మధ్యేమార్గంగా కనిపిస్తోంది. కొత్త కెమికల్ బయటపడగానే ఏడాది పాటు తయారీ, అమ్మకం, దిగుమతి ఆపాలి. వాడినవాడిని జైలుకు కాదు, చికిత్సకు పంపాలి. ఈలోగా నిపుణులు తేల్చాలి.

లిస్టులో చేర్చడంతోనే పని అయిపోదనడానికి అల్ప్రాజోలమే సాక్ష్యం. అది ఎప్పటి నుంచో షెడ్యూల్‌లో ఉంది. 100 గ్రాములు దాటితే వాణిజ్య మొత్తం. అయినా తెలంగాణలో కల్తీ కల్లులో కలుస్తూనే ఉంది. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. ఆ సెప్టెంబరులో ఓల్డ్ బోయిన్‌పల్లిలో ఏకంగా ఒక ప్రైవేటు స్కూల్ భవనంలోనే అల్ప్రాజోలం తయారీ బయటపడింది. కింద పిల్లలకు పాఠాలు, పైన మత్తు ఫ్యాక్టరీ! చట్టంలో పేరుంది, శిక్ష ఉంది. కళ్లెదుట నడుస్తున్నా చాలాకాలం ఎవరికీ అనుమానం రాలేదు.

చీమకుర్తిలో ఏం చేయొచ్చు?

ఢిల్లీలో నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగాల్సిన అవసరం లేని పనులు కొన్ని ఉన్నాయి.

ఆస్పత్రి: ఫిట్స్, పిచ్చి చూపులు, గుండె దడతో కూలీలు లేదా కుర్రాళ్లు ఒకే వారంలో ఒకరి తర్వాత ఒకరు వస్తే ఆ సమాచారం పోలీసులకు, ఫోరెన్సిక్ ల్యాబ్‌కు చేరాలి. యూరప్‌లో కొత్త డ్రగ్స్‌ను పట్టిస్తున్న దారుల్లో ఈ ముందస్తు హెచ్చరిక వ్యవస్థే ముఖ్యమైనది. మూత్ర పరీక్ష నెగెటివ్ వచ్చిందని ఫైల్ మూసేయకూడదు.

క్వారీలు, ఫ్యాక్టరీలు: డ్రగ్స్ మీద పోస్టర్లు తెలుగులో పెడితే ఒడియా, హిందీ కూలీలకు అర్థం కాదు. వాళ్ల భాషలోనే చెప్పాలి. రాయి కోసే మెషిన్ దగ్గర, క్రేన్ కింద మత్తులో ఉన్న మనిషి పక్కవాడి ప్రాణానికీ ముప్పే.

స్కూళ్లు, కాలేజీలు: పిల్లలకు మత్తు పదార్థం ఇస్తే జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు. ఎన్‌డీపీఎస్‌లో దారి దొరకని చోట ఇలాంటి సెక్షన్లను పోలీసులు పరిశీలించవచ్చు.

ఇంట్లోవాళ్లు: చాలా కుటుంబాలు భయపడేది పరువు గురించి, కేసు గురించి. తక్కువ మొత్తంతో లేదా వాడకం కేసులో దొరికిన వ్యసనపరుడు తనంతట తాను చికిత్సకు ముందుకొస్తే విచారణ నుంచి రక్షణ ఇచ్చే 64ఏ సెక్షన్ ఇదే ఎన్‌డీపీఎస్ చట్టంలో ఉంది. దీని గురించి తెలిసినవాళ్లు తక్కువ. తెలిస్తే ఎంతోమంది తల్లులు పిల్లల్ని దాచిపెట్టకుండా ఆస్పత్రికి తీసుకొస్తారు.

ఎవరైనా ఇలాంటి పొడి పీల్చి పడిపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో నీళ్లు పోయకూడదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. మిగిలిన ప్యాకెట్ పారేయకుండా డాక్టర్‌కు చూపించాలి. అందులో ఏముందో తేలితేనే ఆ కుర్రాడికి సరైన చికిత్స, రేపు ఇంకొకడికి హెచ్చరిక. అమ్మేవాళ్ల సమాచారం ఏపీలో ఈగల్ టోల్ ఫ్రీ నంబర్ 1972కి, దేశవ్యాప్తంగా 'మానస్' హెల్ప్‌లైన్ 1933కి చెప్పొచ్చు. డీఅడిక్షన్ సలహా కోసం 14446 ఉంది.

గంజాయి బస్తాను లారీలో వెతికి పట్టుకోవచ్చు. ఈ సరుకు కవర్‌లో, చిన్న సీసాలో, చివరికి కాగితం ముక్కలో కూడా వచ్చేస్తుంది. చెక్‌పోస్టు కంటే ముందు దీన్ని గుర్తుపట్టే అవకాశం ఉన్నది ఇంట్లోవాళ్లకు, టీచర్‌కు, క్వారీ మేస్త్రీకి, డ్యూటీ డాక్టర్‌కు. వాళ్లు చెప్పింది విని వెంటనే ల్యాబ్‌కు పంపే వ్యవస్థ లేకపోతే షెడ్యూల్‌లో ఎన్ని పేర్లు చేర్చినా చట్టం ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటుంది.